సాంబ్రాణి పొగ దూరిన చోటు

25 అక్టోబరు 1961, బుధవారం

ఇవాళ నన్ను హంతకుడు అనడం ఒక్కటే తక్కువ.

నల్లపాడు రైల్వే గేటు వేసి ఉంది. బండి ఆపి, గేరు తీసి, హ్యాండ్‌బ్రేకు వేసి, కాళ్ళు వెనక్కి పెట్టుకుని కూర్చున్నాను. ఇంజను దానంతటదే రేస్ అందుకుంది. బానెట్ గజగజ వణికింది. వెనక సీట్లో ఉన్న సుబ్బరావమ్మగారు, మా యజమాని బాపయ్యగారి తల్లి, "గేటుని గుద్దేస్తున్నాడర్రోయ్!" అని కేకపెట్టి దిగిపోయారు. నేను స్టాప్ నాబ్ లాగి ఇంజను ఆపేసరికి ఆవిడ జట్కా ఎక్కేశారు.

26 అక్టోబరు

మిర్చికొట్టు అరుగు మీద అందరి ముందూ అడిగారు బాపయ్యగారు. "ఏరా జయరావ్, మా అమ్మని చంపుదామనుకున్నావా? కాలు అంత బరువైతే ఎద్దుబండి తోలుకో" అన్నారు. నా కాలు యాక్సిలేటర్ మీద లేదండీ అన్నాను. అయితే కారుకి దెయ్యం పట్టిందా అన్నారు. అందరూ నవ్వారు.

కార్తీక సోమవారానికి ఆవిడ అమరావతి వెళ్ళాలి. నేను తోలితే ఎక్కనన్నారట. ఈలోగా కొత్త డ్రైవర్ని చూస్తారట.

ఇన్నేళ్ళలో నా చక్రం కింద ఒక్క కోడి పడలేదు. ఉద్యోగం పోతే పోనీ, ఈ పేరు పెట్టుకుని గుంటూరులో ఎవరి బండి తోలను? ఏడుపొచ్చింది. రాయడానికి సిగ్గెందుకు, వచ్చింది.

28 అక్టోబరు

ఇది పాత అమెరికా కారు. పెట్రోలు దండగని పోయినేడు మద్రాసులో డీజిల్ ఇంజను పెట్టించారు. గుంటూరులో డీజిల్ తెలిసిన మెకానిక్ మీరావలి ఒక్కడే. ఆ మాట మనకంటే ముందు అతనే చెబుతాడు. వినయం అనేది అతని షెడ్డులోకి రాదు.

నన్ను పక్కన కూర్చోబెట్టి తనే పేరేచర్ల దాకా తోలాడు. దారిలో పత్తిబండి ఎదురొచ్చింది. కాలు తీసేశాడు. అయినా కారు ఉరికింది. బండిని ఒరుసుకుంటూ తప్పించాడు.

షెడ్డుకొచ్చాక, "ఒరేయ్, నీ కాలు కాదురా. ఎవడన్నా అంటే నా దగ్గరికి పంపు" అన్నాడు.

అతని గొప్పలన్నీ ఇవాళ్టితో మాఫీ.

31 అక్టోబరు

డీజిల్ పంపు విప్పాడు. విప్పుతూ పాఠం చెప్పాడు. కాలు తీసినప్పుడు ఇంజను గట్టిగా గాలి పీలుస్తుందట. ఆ పీల్పుకి పంపులో ఒక తోలుబిళ్ళ వెనక్కి జరిగి డీజిల్ తగ్గిస్తుందట. తోలు చిరిగి ఉంటుందన్నాడు.

చిరగలేదు. కొత్త చెప్పులా ఉంది.

2 నవంబరు

పంపు మళ్ళీ విప్పాడు. ఏమీ లేదు. మీరావలి నోరు మూసుకుని ఉండటం నేను చూడటం ఇదే మొదటిసారి.

3 నవంబరు, శుక్రవారం

దొరికింది!

శుక్రవారం నమాజుకెళ్ళొచ్చి షెడ్డంతా సాంబ్రాణి వెయ్యడం మీరావలికి అలవాటు. బండి ఎవరిదైనా సరే, చుట్టూ ధూపం తిప్పుతాడు. మా ఇంజను ఆడుతూనే ఉంది. నిప్పుల మూకుడు బానెట్ కింద పెట్టాడు. ఫాన్ గాలికి పొగ చెదిరిపోయింది. ఒక పాయ మాత్రం లోపలికి పోయినట్టు అనిపించిందేమో, అక్కడే నిలబడిపోయాడు. తర్వాత ఇంజను ఆపి, ఫాన్ బెల్టు విప్పి, షెడ్డు తలుపులు మూసి, మళ్ళీ స్టార్ట్ చేశాడు.

పొగ నిటారుగా లేచింది. మానిఫోల్డు దాకా వచ్చి, పక్కకి వంగి, దసరా నాడు పెట్టిన పసుపూ కుంకుమా ముద్దలోకి సర్రున దూరింది. మానిఫోల్డంటే ఇంజను గాలి పీల్చే గొట్టం. అక్కడ దొంగగాలి పోతుంటే తోలుబిళ్ళకి పీల్పు అందదు. డీజిల్ తగ్గదు. అంతే సంగతి.

ఇన్నాళ్ళూ ఆ ముద్ద మేమెవరమూ తుడవలేదు. పూజ చేసిన బొట్టు నేనెలా తుడుస్తాను? వేరేవాళ్ళ పూజ మీద మీరావలి చెయ్యెలా వేస్తాడు? దాని చుట్టూ ఎంతో భక్తిగా గుడ్డ పెట్టి తుడిచాం ఇద్దరం!

అక్కడేం జరిగిందిరా అని అడిగాడు. చెప్పాను. దసరా నాడు అందరూ చక్రం ముందు కొబ్బరికాయ కొడితే, బాపయ్యగారు మాత్రం ప్రాణం ఉండేది ఇంజనులో కదా అని బానెట్ ఎత్తి, గొట్టం మీదే కొట్టారు. ఒక్క దెబ్బకి పగలలేదు కూడా.

ఇప్పుడే కొట్టుకెళ్ళి అరుగెక్కి చెబుతానన్నాను. మీరావలి చెయ్యి పట్టుకున్నాడు. "నోటితో చెప్పకు. ఆయన పూజ అది. ఆయనే చూసుకోవాలి" అన్నాడు.

4 నవంబరు

బాపయ్యగారు విసుక్కుంటూ వచ్చారు. మీరావలి ఫాన్ బెల్టు లేకుండానే ఇంజను స్టార్ట్ చేసి మూకుడు ఆయన చేతికిచ్చాడు. "బండి మీది, బొట్టు మీది. ధూపం మీ చేత్తోనే పట్టండి" అన్నాడు.

పొగ వంగింది, దూరింది. ఆయన ఇంకోవైపు నుంచి పట్టారు. మళ్ళీ అక్కడికే పోయింది. మీరావలి గుడ్డ ఇవ్వబోతే వద్దని, తన కండువాతోనే బొట్టు తుడిచారు. కింద వెంట్రుకంత బీట. నొక్కమన్నట్టు మీరావలి బొటనవేలు చూపించాడు. ఆయన బీట మీద తన వేలు నొక్కారు. ఇంజను గోల సగం తగ్గింది. తీశారు, అరిచింది. నొక్కారు, తగ్గింది. చిన్నపిల్లాడిలా ఎన్నిసార్లు చేశారో.

కొబ్బరికాయ మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తనక్కర్లేకపోయింది. ఆయన మొహం మెడ దాకా ఎర్రబడింది.

వెళ్తూ నా భుజం మీద చెయ్యేశారు. "కొత్తవాణ్ణి చూడొద్దని చెబుతాలేరా. కానీ మా అమ్మ నా మాట వినదు. ఆవిడ నీ బండి ఎక్కితేనే నువ్వు పనిలో ఉన్నట్టు" అన్నారు.

మీరావలి లాంటివాడు వకీలైతే జడ్జీలకి పనుండదు.

9 నవంబరు

గొట్టం అల్యూమినియంది, అతకడం తనవల్ల కాదన్నాడు వెల్డింగ్ కొట్టువాడు. మీరావలి తనే చేశాడు. గొట్టాన్ని ముందు ఊకనిప్పుల్లో మెల్లగా కాచాడు. గభాల్న వేడి తగిలితే ఇంకోచోట పగులుతుందట. అతికాక బూడిదలో కప్పి పడుకోబెట్టాడు, బాలింత బిడ్డని పడుకోబెట్టినట్టు. అంచు వంగితే మందపాటి అద్దం మీద పేస్టు రాసి అరగదీశాడు. దళసరి కాగితం అంచు మీద పరిచి చిన్న సుత్తితో టకటకా కొడుతుంటే అంచుల మధ్య గాలి దూరకుండా పెట్టే గాస్కెట్ తనంతట తనే తెగొచ్చింది. కత్తెర ముట్టుకోలేదు. నట్లు మధ్యలోంచి మొదలుపెట్టి బయటికి, ప్రతిదీ కాస్త కాస్తగా బిగించాడు.

అన్నం తినడం మర్చిపోయి చూశాను.

10 నవంబరు

స్టార్ట్ చేశాడు. నిండు టీ గ్లాసు తెచ్చి ఇంజను మీద పెట్టి, "తొణికితే చెప్పు" అన్నాడు.

తొణకలేదు. గుంటూరు మొత్తానికి తనొక్కడే అని మళ్ళీ అన్నాడు. ఈసారి నేనూ అన్నాను.

19 నవంబరు

రేపే అమరావతి. సుబ్బరావమ్మగారు ఎక్కుతాననీ అనలేదు, ఎక్కననీ అనలేదు.

20 నవంబరు, సోమవారం

ఎక్కారు. తాడికొండ దాకా ముందు సీటు పట్టుకుని నా కాళ్ళనే చూస్తూ కూర్చున్నారు. తర్వాత చప్పుడు లేదు.

అమరావతిలో గుడి ముందు ఆపి వెనక్కి తిరిగాను. నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు. ఇంజను ఆపలేదు. ఆగితే మెలకువ వస్తుంది.