ఎర్రనీటి సన్మానం

ఉషకి,

దేవుడి దయవల్ల నేనూ, తబితా, మీ అమ్మగారూ బాగానే ఉన్నాం. మస్కట్‌లో నువ్వూ కులాసాగానే ఉన్నావనుకుంటాను. అక్కడే పనిచేసే ఏసమ్మ సెలవు అయిపోయి ఈ సాయంత్రం బస్సుకి బయల్దేరుతోంది. నీ మేడమ్ నీకు ఫోన్ ఇచ్చేది శుక్రవారమే కదా, అందుకని ఈ ఉత్తరం ఆవిడ చేతికిస్తున్నాను.

నువ్వడిగినవన్నీ ముందు చెప్పేస్తాను, లేకపోతే దాటేశాననేస్తావు. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. చర్చికి కొత్త రేకులు వేయించారు. నా చేతి పులుసు తిని మీ అమ్మగారు ఉప్పు దండిగానే ఉందండి అన్నారు, అది మెచ్చుకోలో దెప్పిపొడుపో నాకింకా తేలలేదు. ఒక్క ప్రశ్నకి మాత్రం జవాబు చివర్లో రాస్తాను. తొందరపడి కిందకి చూడకు.

మంచి కబురొకటి. మన యువజన సంఘంవాళ్ళు ఈ ఏడాది యువ నాయకురాలిగా మన తబితకి శాలువా కప్పుతున్నారు. పోయిన వరదలో లంకలోని ముసలివాళ్ళని పడవెక్కించింది, ఆడపిల్లలకి కాలవలో ఈత నేర్పుతోంది. ఇంట్లో తాగిన గ్లాసు తీసి పక్కన పెట్టదు గాని ఊరికి నాయకురాలు! దాంతోపాటు పడవ నడిపే పెద్దాయన జీవరాజుగారికీ సన్మానం. మీ తమ్ముడు డేనియల్ గోదారి వరద ఎర్రనీటిలో మునిగిపోయిన ఏడే కదా ఆయన ఆ సంఘం పెట్టారు. వాణ్ణి వెతికి ఒడ్డుకి తెచ్చిందీ ఆయనే. అప్పట్నుంచీ ఏమీ ఆశించకుండా ప్రతి వరదకీ చుక్కాని పట్టుకుంటూనే ఉన్నారు.

సంఘం ఆనవాయితీ నీకు తెలిసిందే. ఆ రోజున సన్మానం పొందే పెద్దవాళ్ళు ఒక్కరే పడవ తీసుకుని లంకకి వెళ్ళి, అక్కడి పిల్లల్ని ఎక్కించుకుని రావాలి. శాలువా అందుకునే కుర్రకారు దండ పట్టుకుని రేవులో ఎదురుచూడాలి.

పండగలా ఉండాల్సిన ఇల్లు. నాకు మాత్రం ముద్ద దిగడం లేదు ఉషా. పోయిన వారం గోదారి ఎర్రబడింది. దుంగలు కొట్టుకొస్తున్నాయి. ఈ పొద్దున్న చూస్తే రేవులో కింది మెట్లు లేవు. రేపు మధ్యాహ్నానికి మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారని ధవళేశ్వరం నుంచి కబురొచ్చింది. హెచ్చరిక ఇస్తే పడవ కదలనివ్వరు. దానికి మన సంఘం అధ్యక్షుడు హరిబాబుగారు ఏం చేశారో తెలుసా? రేపు సాయంత్రం సభని పొద్దుటికి జరిపారు. ఫ్లెక్సీలు కట్టేశాం, అతిథిని పిలిచేశాం, హెచ్చరిక రాకముందే కానిచ్చేద్దామండి అన్నారు. అందరూ తలూపారు. ఏటా చూసే వరదే కదా అన్న ధీమాయే మనవాళ్ళని ముంచేది.

అంతకంటే పెద్ద భయం ఇంకొకటుంది. జీవరాజుగారికి చూపు ఆనడం లేదు. పోయిన వారం రేవులో ఎదురుగా నిలబడ్డాను, పలకరించలేదు. నా గొంతు విన్నాక గాని పోల్చుకోలేదు. ఇంటికొచ్చి తబితకి చెబితే, అది బట్టలు మడతపెడుతూనే అంది:

"నాకు తెలుసు నాన్నా. పోయిన వరదకే తెలుసు. నేను పడవలో ముందు కూచుని, అదిగో దుంగొస్తోంది, ఇదిగో ఇసుక మేట అని ఊరికే కబుర్లు చెబుతున్నట్టు చెబుతుంటాను. ఆయన తిప్పుతారు."

ఇది దండ పట్టుకుని ఒడ్డున ఉంటే, చూపు లేని మనిషి గోదారి మధ్యలో ఒక్కరూ ఉంటారు. సంఘంలో చెప్పేసి ఆపించేద్దామన్నాను.

"శాలువా కప్పే రోజున, నీకు కళ్ళు లేవు దిగు అంటామా? ఇంక మంచం మీంచి లేవరాయన. పిల్లల్ని పంపొద్దని లంకలో అమ్మలందరికీ చెప్పేశాను. దండ నువ్వు పట్టుకో నాన్నా. నేను ముందు కూచుంటాను."

చెప్పడమే కాదు, ఆయన దగ్గరికెళ్ళి, ఎర్రనీటిలో దారి నేర్చుకోవాలి తాతయ్యా, నేనూ వస్తానని అడిగిందట. ఆయన, పడవలో ముందు కూచోమ్మా, అన్నారట. దీనికి తెలుసని ఆయనకీ తెలుసన్నమాట.

ఇక నీ ప్రశ్న. పోయిన వరద తర్వాత, ఇక ఎర్రనీరు వస్తే పిల్లని రేవు మెట్టు దిగనివ్వనని నాకు మాటిచ్చావు, గుర్తుందా అని రాశావు. గుర్తుంది ఉషా. రేపు పొద్దున్న పంపుతున్నాను. ఫోన్ శుక్రవారమే కదా అని పైన రాసిందీ సాకే. మొన్న శుక్రవారం నువ్వు మాట్లాడినప్పటికే ఆయన చూపు సంగతీ, ఇది పడవెక్కే సంగతీ నాకు తెలుసు. చెబితే నువ్వు వద్దంటావు. నువ్వు వద్దంటే దాన్ని ఆపేస్తాను. ఆపితే ఆయన ఒక్కరే వెళతారు. మీ తమ్ముణ్ణి మీ అమ్మ ఒళ్ళోకి తెచ్చిచ్చిన మనిషిని గోదాట్లోకి ఒంటరిగా ఎలా పంపను? పంపలేను. దాన్ని పంపడమూ నా వల్ల కావడం లేదు. భయంగా ఉంది.

మీ అమ్మగారు అరుగు మీద కూచుని దండ గుచ్చుతున్నారు. ఆవిడకి ఇదేమీ తెలియదు.

ఈ ఉత్తరం నీ చేతికొచ్చేసరికి జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది. శుక్రవారం ఫోన్ చెయ్. తబితే ఎత్తుతుంది. ఒకవేళ నేనెత్తితే, నన్ను ఎంతైనా తిట్టు గాని, ఫోన్ మాత్రం పెట్టెయ్యకు.

ఇట్లు,
రేపు రేవులో దండ పట్టుకుని నిలబడే,
తబిత నాన్న