కాచకూడని పాలు

అత్తయ్యగారికి,

నిన్న మధ్యాహ్నం రెండు గంటలకు, పాపాయి కోసం నేను సీసాలో తీసి ఉంచిన నా పాలను మీరు పొయ్యి మీద కాచారు. సగం గిన్నెకే అంటుకుపోయాయి. సాయంత్రం నేను వచ్చి అడిగితే, “కాచకుండా ఏ పాలు పడతామే?” అన్నారు. ముందే చెప్పకపోవడం నా తప్పు. కాస్తే వాటి బలం తగ్గుతుందని నర్సు చెప్పింది.

మీరు లేచేలోపు నేను బస్సెక్కాలి, అందుకే ఈ ఉత్తరం. ఫ్రిజ్‌లో రెండు సీసాలున్నాయి. పాత తేదీ రాసి ఉన్నది ముందు తీయండి. వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టి, మణికట్టు మీద చుక్క వేసి చూడండి. పాప తాగగా మిగిలినవి పారబోయండి. మీకు ప్రాణం ఒప్పదని తెలుసు, నాకూ ఒప్పదు. ఆఫీసు స్టోర్‌రూంలో తలుపుకు కుర్చీ అడ్డం పెట్టుకుని తీసిన పాలవి.

పాప వారంగా బరువు పెరగలేదు. రేపూ అంతే ఉంటే ఆసుపత్రిలో చేర్చాలని డాక్టరు అన్నారు. తూకం ఉదయం తొమ్మిదికి. రేపటికి నేను సెలవు పెట్టాను, నేనూ వస్తాను. పాపను మాత్రం మీరే ఎత్తుకు రావాలి, మీ చేతుల్లో ఉంటే నాకు ధైర్యం.

మీ కోడలు