బ్రిగేడియర్ సారు ఓవెన్ తోమిన రోజు

మలాజ్, రియాద్.

మాబున్నీకి అల్లాబకాష్ సలాం చెప్పి రాస్తున్నది.

అల్లా దయతో ఇక్కడ నా ఒళ్లూ, నేను నడిపే బండీ రెండూ బాగున్నాయి. నువ్వూ, అమ్మా, పిల్లలూ చల్లగా ఉన్నారనుకుంటాను. ఫోన్లో అయితే నువ్వు మాటకు మాట అడ్డం వేస్తావు. అందుకే సెలవుకు ఊరికి వస్తున్న మా రూములోని దావూద్ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

మా సారు కోపిష్టా అని అడిగావు. హారిస్ సారు బ్రిటిష్ సైన్యంలో బ్రిగేడియర్‌గా రిటైరై, ఇక్కడ సౌదీ అధికారులకు పాఠాలు చెబుతున్నాడు. మీసాలు సరిగా రాని వయసులో చేరాడట. జర్మనీ, సైప్రస్, బోస్నియా, ఇరాక్... ఊరు మారినప్పుడల్లా ఒక మెట్టు ఎక్కాడు. ఆలస్యమైతే తిట్టడు, వాచీ చూసుకుంటాడు. తిడితేనే నయం.

ఆయన కాంట్రాక్టు ముగిసింది. మొన్న శుక్రవారం సామాన్ల కోసం విల్లాకు పోతే, అంత పెద్ద మనిషి వంటింట్లో మోకాళ్ల మీద కూర్చుని ఓవెన్ తోముతున్నాడు. మోచేతుల దాకా మసి.

"కంపెనీవాళ్లు మనిషిని పంపుతారు సార్" అన్నాను.

వాళ్ల సైన్యంలో క్వార్టరు ఖాళీ చేస్తే తనిఖీవాడు వచ్చి ఓవెన్‌లో వేలు పెట్టి మరీ చూస్తాడట. ఈయన ముందే కొత్త చోటికి పోయేవాడు. తోమడం, మూటలు కట్టడం భార్య వంతు. ఆమె టీచరు. ప్రతి ఊళ్లోనూ ఉద్యోగం వదులుకుంది.

"నా భుజం మీద నక్షత్రం పెరిగినప్పుడల్లా ఆమె మళ్లీ మొదటికొచ్చింది. ఈసారి రియాద్‌కు నాతో రానంది. ఇప్పుడు హెడ్‌మిస్ట్రెస్. నేనే ఆమె దగ్గరికి పోతున్నా" అన్నాడు.

నేనూ ఒక గుడ్డ తీసుకుని పక్కన కూర్చున్నాను.

ఇక నీ సూపర్‌వైజర్ పోస్టు సంగతి. అంగన్‌వాడీలో ఇన్నేళ్లు పిల్లల ముక్కులు తుడిచి, పరీక్ష రాసి గెలిచావు. తీరా పిలుపొచ్చాక, "పీలేరుకు నేను పొయ్యేది ల్యా. అత్తను, పిల్లోళ్లను ఎవురు చూస్తారు?" అన్నావు.

నేను చూస్తాను.

నీకు చెప్పకుండా ఒక పని చేశాను మాబున్నీ. నాకు వీసా ఇచ్చిన కఫీల్‌తో మాట్లాడి ఫైనల్ ఎగ్జిట్ పెట్టించుకున్నాను. అది వచ్చేసింది. ఇక నేను ఇక్కడికి తిరిగి రాను. తిట్టాలనిపిస్తే తిట్టు. పీలేరులో మాత్రం బండ్లకు డ్రైవర్లు అక్కర్లేదా?

ఈ సంగతి చెబితే దావూద్ నవ్వాడు. "పెండ్లాం వెనకాల మూటలు మోసుకుంటా పోతాండావా అన్నా?"

"పోతాండా. ఇన్నేండ్లు నా ఇల్లంతా ఆయమ్మే మోసింది గదా" అన్నాను.

నువ్వు ముందు పోయి పోస్టులో చేరు. నేను దిగేదాకా అమ్మను, పిల్లలను మా అక్క చూసుకుంటుంది, అడిగాను. నేను వచ్చాక పొయ్యి మసి లేకుండా తోమి, తాళం ఇంటి ఓనరు చేతిలో పెట్టి, అందరినీ తీసుకుని నీ దగ్గరికి వస్తాను.

ఇట్లు,
నీ వెనకే వస్తున్న
పిల్లల నాయన,
అల్లాబకాష్