ఆఫీసు లేని కంపెనీ

నాయనా, నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. హిందూపురంలో ఇప్పుడు ఎవరిని కదిపినా ఇంటర్నెట్ షేర్ల మాటే. తమ్ముడు నీ మగ్గం అమ్మి, బెంగళూరులోని ఓ చిన్న కంపెనీ షేర్లు కొంటానన్నాడు. నాకు అనుమానమొచ్చి, వాడికి చెప్పకుండా బస్సెక్కి ఆ కంపెనీ అడ్రసుకు పోయాను. అక్కడ పటాలకు ఫ్రేములు కట్టే అంగడి ఉంది.

తిరిగొచ్చి చెబితే తమ్ముడు నవ్వాడు.

"ఇంటర్నెట్ కంపెనీకి ఆఫీసెందుకక్కా? అంతా కంప్యూటర్లోనే ఉంటాది."

"అయితే మగ్గం అమ్మిన మన దుడ్లు యాడుంటాయిరా?" అని, మగ్గం గది తాళంచెవి కొంగున ముడేసుకున్నాను.

ఆ షేరు ఇప్పుడు రెండింతలైందట. వాడు నాతో మాట్లాడటం మానేశాడు. అయినా ఆ కంపెనీ మీద నాకు నమ్మకం కుదరలేదు.

నువ్వే ఉంటే నా మాట వినేవాడివో, కొడుకు మాటే వినేవాడివో. అదీ అనుమానమే, నాయనా.