చెయ్యెత్తితే ఆపేశారు

కర్నూలు

బసమ్మకు, కాశన్న రాసేది. నేను కులాసాగా ఉన్నాను, దిగులు పడకు. గొంతు బొంగురుపోయింది కదా, ఆసుపత్రిలో డాక్టరమ్మ కొన్నాళ్లు మాట్లాడొద్దంది, అందుకే ఫోను చేయకుండా ఈ కార్డు.

నిన్న ముక్కులోంచి గొంతులోకి సన్నని కెమెరా గొట్టం దించి చూశారు. మగ్గం మీద వంగి వంగి బిగుసుకుపోయిన నా మెడ వెనక్కి వాలదు కదా, పడుకోమంటే ఎట్లా అని ముందే భయపడ్డాను. కుర్చీలోనే కూర్చోబెట్టారు. మహాదేవి అనే నర్సమ్మ నడుము వెనక దిండు పెట్టి, "మెడ వెనక్కి వంచే పని లేదప్పా. మల్లెపూలు వాసన చూసినట్ల గడ్డం రవ్వంత ముందుకు పెట్టు. తట్టుకోలేకపోతే చెయ్యెత్తు, ఆపేస్తారు" అంది. నాకు నమ్మకం కుదరలేదు. గొట్టం ముక్కులోకి పోగానే చెయ్యెత్తాను. డాక్టరమ్మ నిజంగానే ఆపి బయటికి తీసింది. నన్ను ఊపిరి తీసుకోనిచ్చి, "ఇప్పుడు చూద్దామా కాశన్నా?" అని అడిగింది. ఇంక చెయ్యెత్తలేదు.

గొంతులో చిన్న బుడిపె ఉందట. చూపుకు క్యాన్సర్ మాదిరి లేదంది. శుక్రవారం తీసి పరీక్షకు పంపుతారు. గొంతు మళ్లీ బాగవుతుందని ధైర్యం చెప్పింది.

మగ్గం గుంతలోకి వాననీళ్లు చేరాయా? పడుగు నూలు తడవకుండా పట్టా కప్పు. తమ్ముడు గోపీ వచ్చేటప్పుడు నా దుప్పటి ఇచ్చి పంపు. మీ అమ్మకు నమస్కారాలు.

ఇంటికొచ్చాక కూడా కొన్నాళ్లు నేను మాట్లాడకూడదు. పాప శశికళకు ముందే చెప్పి ఉంచు, నాన్న అలిగాడనుకుని ఏడుస్తుంది. దానికి నా దీవెనలు.

కాశన్న