మల్లమ్మ ఎవరు?

కుందుర్పి,
ఆదివారం.

ఈశ్వరక్కకు నీ తమ్ముడు తిప్పేష్ నమస్కరించి రాసేది. ఇక్కడ నేను, నీ మరదలు హేమలత, పిల్లలు బాగానే ఉన్నాం. ముదిగుబ్బలో నీ ఒంట్లో ఎలా ఉందో, హాస్టల్ వంటపని ఎలా సాగుతోందో రాయి. ఫోన్ చేస్తే నీకు వినపడదు. మెసేజ్‌లో పట్టే సంగతి కాదిది.

శనక్కాయ సంగతి అడిగావు. ఊడలు మట్టిలోకి దిగి కాయ పట్టే టైముకి వాన మొహం చాటేసింది. పీకితే కూలి కూడా రాదని గొర్రెలకు వదిలేశాను.

ఇక నీ పింఛను. చిన్నప్పుడు తీసిన చెవుడు సర్టిఫికెట్‌లో ఈశ్వరి, ఆధార్‌లో మల్లమ్మ ఉంటే ఆఫీసువాళ్ళు తిప్పి పంపక ఏం చేస్తారు? "ఆ మల్లమ్మ అనే పేరు నా కాగితాల్లోకి యాడ నుంచి వచ్చిందిరా?" అని అడిగావు. ఆ ఒక్క మాటకు జవాబు రాయలేక పది రోజులు తిరిగాను.

ఆఖరికి అటక మీది నవలలు దింపాను. అద్దె పుస్తకాల కొట్టు మూసేస్తుంటే నువ్వు కొనుక్కొచ్చిన ఆ నాలుగు సైన్స్ నవలలే. జ్వరంలో చెవులు పోయాక నీ గొంతు నీకే వినపడక, వీధి దద్దరిల్లేలా నాకు చదివి పెట్టేదానివి. చింతపండు లేదని చంద్రుడి మీద నుంచి తిరిగొచ్చే శాస్త్రవేత్తకు ఇప్పటికీ నవ్వొచ్చింది. వాన యంత్రం తిప్పితే పక్కూళ్ళో కురిసే చోట మాత్రం రాలేదు. అప్పట్లో అక్కడే కదా కడుపు పట్టుకుని దొర్లింది! మన చేను చూసొచ్చి ఎవడు నవ్వుతాడక్కా?

మూడో నవల్లో మర పనిమనిషి ఉంది. ఏ పని చెప్పినా "మళ్ళీ చెప్పండి" అంటుందని దానికి మళ్ళమ్మ అని పేరు. యజమాని దాని నెత్తిన గరిటెతో కొడితే అది తప్పుగా విని ఇంకో పని చేస్తుంది. పుస్తకమంతా అదే హాస్యం. నలభై పేజీలు చదివి మూసేశాను. థూ, దీనికా నేను పగలబడి నవ్వింది!

ఇప్పుడు చెబుతున్నాను. ఆ పేరు నీకు పెట్టింది నేనే. నువ్వు ఎవరేమన్నా "మల్లా చెప్పప్పా" అనేదానివి. మళ్ళమ్మ మన వీధి నోట్లో మల్లమ్మ అయింది. అంతవరకైతే పిల్లచేష్ట అనుకోవచ్చు. ఉపాధి కార్డులు రాసే ఆయన వచ్చిన రోజు గుర్తుందా? "నీ పేరేమ్మా?" అని నిన్నే అడిగాడు. "మల్లా చెప్పప్పా" అన్నావు. నేను వెనక నుంచి "మల్లమ్మ సార్, మల్లమ్మ" అన్నాను. అందరూ నవ్వారు. ఆయన రాసుకుపోయాడు. ఏం రాశారో చదువురాని నాయనకు తెలియలేదు. పదో తరగతిలో ఉన్న నాకు తెలుసు. ఆ కార్డు చూసే నీ ఆధార్ తీశారు.

ఆ నవల నాకు చదివి పెట్టినదానివి, పేరు ఎక్కడిదో నీకు తెలియదా? నా నోటితో చెప్పించాలనే అడిగావు. చెప్పాను. క్షమించమని అడిగే మొహం నాకు లేదు.

పేరు మార్చాలంటే నువ్వు పెరిగిన వీధిలో ఇద్దరు సాక్షులు కావాలన్నారు. నిన్న కాగితం పట్టుకుని ఎదురింటి తిరుపాలమ్మ దగ్గరికి పోయాను. నీకు జడలేసిన మనిషి కదా అని ముందు ఆమెనే అడిగాను.

"ఈశ్వరి అంటే? ఎవరప్పా ఆయమ్మ?" అంది.

"మా అక్క, పెద్దమ్మా."

"మీ అక్క మల్లమ్మ కదప్పా. చిన్నప్పట్నుంచి చూస్తాండా. లేనిపోని పేరుకు నేను ఏలుముద్ర ఎయ్యను. మల్లమ్మకైతే యాడ ఎయ్యమంటే ఆడ ఏస్తా."

పక్కింటి ఆదెన్న కూడా అదే మాటన్నాడు. ఇద్దరూ అబద్ధం చెప్పే మనుషులు కారక్కా. కాగితం ఖాళీగానే ఉంది.

ఇట్లు,
నీ పేరు తినేసిన తమ్ముడు,
తిప్పేష్.