కొలత మనిషిని కోసెయ్యవద్దని మనవి

లుసాకా నగరంలోని ప్రకృతి ఛాయాచిత్రాల భద్రాలయం అధికారి శ్రీ ముటాలె కపంబ్వె గారి సముఖమునకు, చిపాటా దగ్గరి పల్లె నుండి, కీర్తిశేషులు జైలోస్ షావా గారి భార్య జెలిపా షావా వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: నా భర్త తీసిన ఛాయాచిత్రాల నుండి నన్ను కత్తిరించుట నిలుపుదల చేయు విషయమై.

పై విషయమై తమకు మనవి చేసుకొనునది ఏమనగా, తమరు బెంబా తెగవారు, నేను న్గోనీ తెగదానను. మన తాతలు ఈటెలతో పొడుచుకొని పొడుచుకొని అలసిపోయి, ఇకపై నోటితో పొడుచుకొంటే చాలునని సర్దుకొన్నారు. అప్పటినుండి మీకూ మాకూ పరాచికాల వరస. మీరు మమ్మల్ని ఎలుకలు తినేవాళ్ళంటారు, మేము మిమ్మల్ని కోతులు తినేవాళ్ళంటాము, ఎవరికీ కోపం రాకూడదు. అందుచేత నేను నోటితో ఏమి చెప్పినా తమరు నవ్వుతున్నారు. నేను కోప్పడితే వరస చెడుతుంది. గత్యంతరం లేక కాగితం పట్టుకొన్నాను.

1. నా భర్త అడవి కాపలాదారు ఉద్యోగంలో ఉండగా ఎవరో దొర వదిలి వెళ్ళిన కెమెరాతో ఫొటోలు తీయడం నేర్చుకొన్నారు. ఆ తర్వాత లువాంగ్వా లోయలో ఆయన తీయని చెట్టు లేదు, పుట్ట లేదు. మా పెళ్ళినాడు ఆయన తీసిన ఫొటోలో చర్చి చూరుకు వేలాడుతున్న గిజిగాడి గూడు ఉంది, నేను లేను. నాకు నొప్పులు వచ్చిన రోజున ఆయన ఏటి గట్టు బొరియల్లో ఎర్ర పిట్టలు గుడ్లు పెట్టాయా లేదా అని చూస్తూ బురదలో బోర్లా పడుకొని ఉన్నారు. ఈ సంగతులను ఫిర్యాదుగా పరిగణించనవసరం లేదు. పూర్వాపరాలు తెలియడానికి మాత్రమే వ్రాశాను.

2. ఒకసారి పత్రికలో ఆయన తీసిన చెదల పుట్ట బొమ్మ అచ్చయింది. పక్కన ఏమీ లేనందువల్ల చిపాటా బజారులో జనం దానిని చిలగడదుంప అనుకొన్నారు. ఆ బాధతో ఆయనకు మొక్కజొన్న పిండి న్షిమా ముద్ద గొంతు దిగలేదు. ఏది ఎంత పెద్దదో తెలియాలని, అప్పటినుండి ప్రతిదాని పక్కనా నన్ను నిలబెట్టారు. "కదలకు. నవ్వకు. నువ్వు నవ్వితే జనం నిన్నే చూస్తారు," అనేవారు. బావోబాబు చెట్ల పక్కన నిలబడ్డాను, పుట్టల పక్కన నిలబడ్డాను, ఏనుగు పేడ పక్కన కూడా నిలబడ్డాను. మొసలి పక్కన నిలబడమన్న రోజున మాత్రం మీ అమ్మను నిలబెట్టుకోండని చెప్పాను.

3. ఆయన పోయినప్పుడు తమరు ఫిల్ము పెట్టెల కోసం మా ఇంటికి వచ్చి, వరసైనవారు గనుక, ఆచారం ప్రకారం చావింట్లో వేళాకోళం చేశారు. అది తమ విధి, తప్పు పట్టను. ఆయన టోపీ పెట్టుకొని, నీళ్ళ చెంబు కంటికి ఆనించుకొని, అచ్చం ఆయన గొంతుతో "ఏయ్ జెలిపా, కాస్త పక్కకు జరుగు, నీ వల్ల చెట్టు కనపడటం లేదు," అన్నారు. ఏడుస్తున్నవాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు మొత్తం మీద నాకు ఊపిరి ఆడింది అప్పుడే. అందుకు తమకు కృతజ్ఞురాలిని.

4. అయితే చావింట్లో పరాచికానికి అన్న మాటను తమరు ఆఫీసులో ఉత్తర్వుగా అమలు చేస్తున్నట్లు, పోయిన వారం బస్సెక్కి వచ్చి కళ్ళారా చూశాను. తమ కంప్యూటరులో చెట్లు ఉన్నాయి, పుట్టలు ఉన్నాయి, నేను నిలబడ్డ మేరకు కోసేసి ఉంది. ఫిల్ము చెమ్మకు పాడైపోతున్నది గనుక ఈ నకళ్ళు ఉంచి, అసలు ఫిల్ములను నెలాఖరుకు తగలబెడతామని కూడా తమరే చెప్పారు. అప్పుడు మన మధ్య జరిగిన సంభాషణ ఈ క్రింది విధంగా ఉన్నది.

"ఇందులో నేనేదయ్యా?"

"ఇది ప్రకృతి విభాగం వదినా. మనుషులకు పై అంతస్తులో వేరే ఉంది."

"మరి ఏనుగు పేడ?"

"అది ప్రకృతే కదా."

"అంటే పేడకున్నపాటి చోటు నాకు లేదన్నమాట."

తమరు కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు. ఎలుకలు తినేవాళ్ళ నోటి ముందు ఎవడు ఆగుతాడని పక్క గది వాళ్ళను పిలిచి మరీ చెప్పి, నాకు టీ తెప్పించారు. నేను తాగి వచ్చేశాను. టీ బాగుంది. కానీ అయ్యా, నేను వేళాకోళమాడలేదు. నిజంగానే అడిగాను.

5. నేను అందగత్తెనని, జనం నన్ను చూడాలని ఈ అర్జీ పెట్టుకోవడం లేదు. చాలా బొమ్మల్లో కళ్ళు చికిలించుకొని, కందిరీగ కుట్టినదానిలాగా ఉంటాను. కానీ ఆయనతో కలిసి ఆ ఎండలో నడిచినదానిని, ఆయన సంచి మోసినదానిని. ఊరంతా "మీ ఆయనకు చెట్లే పెళ్ళాలు" అని ఆడిపోసుకొంటే, ప్రతి చెట్టు పక్కనా నేనే ఉన్నాను చూసుకోండని చెప్పుకొని బతికాను. తమరు నన్ను కోసేస్తే ఊరివాళ్ళ మాటే నెగ్గుతుంది. అది నేను ఓర్చుకోలేను.

కావున తమరు దయతలచి, సదరు కోతను తక్షణమే ఆపించి, ఫిల్ములు తగలబెట్టక మునుపే నిండు బొమ్మలను మళ్ళీ నకలు తీయించి, చెట్టు పేరు వ్రాసిన చోటనే నా పేరు కూడా వ్రాయించవలసినదిగా వేడుకొంటున్నాను. ఈ ఒక్కసారి నవ్వకుండా చిత్తగించవలెను.

ఈ కాగితం వరకు తమ విధేయురాలు,
జెలిపా షావా

తా.క. ముటాలే, పైన రాయడానికి బిడియమేసింది. పొద్దువాలే వేళ సూర్యుణ్ణి వీపున పెట్టుకుని ఫొటో తీస్తే, ఆయన నీడ సాగి సాగి నా దాకా వచ్చేది. "నా నీడ నీ మీద పడుతోంది, ఎడమకు జరుగు, బొమ్మ పాడవుతోంది," అని విసుక్కునేవాడు. ఇక్కడే చల్లగా ఉంది, జరగనని మొండికేసేదాన్ని. పాడైనవన్నీ పారేస్తానని బెదిరించేవాడు. నీకిచ్చిన పెట్టెల్లో వెతుకు, ఒక్కటీ పారెయ్యలేదు. బతికినన్నాళ్ళూ కెమెరా వెనకే ఉన్న మనిషి, ఆయన ఫొటో మా ఇంట్లో ఒక్కటి కూడా లేదు. గుర్తింపు కార్డు మీద ఉన్నది ఎవరో కోళ్ళ దొంగ మొహం. నువ్వు కోసిన ముక్కలో నేనొక్కదాన్నే లేను నాయనా. నా పాదాల దగ్గర ఆయన ఉన్నాడు.